ఈశాన్యం బోరు, వాయవ్యం ట్యాంకు

ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఎత్తడం కూడా ఒక విద్యే. నడుముతో ఎత్తకూడదు. మోకాళ్లు వంచి ముందు తొడ మీదికి తెచ్చుకోవాలి, అక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత గట్టు మీదికి చేర్చాలి. ఈ సంగతి నాకు నడుము పట్టేశాక డాక్టరు చెప్పాడు. అప్పటికి నాలుగేళ్లుగా ఎత్తుతున్నాను. మా ఆయన దుబాయిలో ఉంటాడు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. బిడ్డకు ఎనిమిదేళ్లు. ఇక ఎత్తేదెవరు?

కరీంనగర్‌కు బస్సులో గంట దూరంలో ఉండే చిన్న టౌను మాది. నేను పక్క ఊళ్లో ప్రైమరీ స్కూలు టీచరును. పొద్దున్నే ఫిల్టర్ నీళ్ల ఆటో పాట పెట్టుకుని వస్తుంది. ఆ పాట వినపడగానే పొయ్యి మీద ఉన్నది మాడినా సరే, ఖాళీ క్యాను పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాలి. ఒక్కరోజు తప్పితే రెండు రోజులు తప్పినట్టే. మున్సిపాలిటీ నల్లా నీళ్లు కూడా వస్తాయి, రోజు విడిచి రోజు. అవి ఎప్పుడొస్తాయో, ఎంతసేపు వస్తాయో చెప్పగలిగిన మనిషి మా టౌనులో ఇంకా పుట్టలేదు. అందుకని తాగడానికి ఫిల్టర్ నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు. మా వీధిలో కాస్త నెలజీతం మొహం చూసిన ఇళ్లన్నిట్లో ఇదే పద్ధతి.

ఇంత జాగ్రత్త పడుతున్నా మా బిడ్డకు నెలకోసారి విరేచనాలు పట్టుకునేవి. మొదట్లో పిల్లలకు మామూలే అనుకున్నాను. తర్వాత తర్వాత స్కూలు డ్రెస్సు నడుము దగ్గర వదులైపోయి పిన్నీసు పెట్టాల్సి వచ్చింది. రెండుసార్లు కరీంనగర్‌లో సెలైన్ ఎక్కించారు. రెండోసారి సూది గుచ్చడానికి నరం దొరకలేదు. నర్సు చేతిని అటూ ఇటూ తిప్పి తట్టి తట్టి వెతుకుతుంటే, పిల్ల ఏడవకుండా నా మొహంలోకే చూస్తూ పడుకుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి. ఆ చూపు చూశాక నాకు ఇంకే పనీ మనసుకు ఎక్కలేదు. ఈ పిల్లను లోపల్నుంచి ఏది తినేస్తోందో కనిపెట్టాలి, అంతే.

"ఏ నీళ్లు తాగుతున్నరమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఫిల్టర్ నీళ్లే సార్," అన్నాను గర్వంగా. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చిన పిల్లలా చెప్పాను.

ఆయన తల గోక్కుని, బయటి తిండి మానిపించమన్నాడు. మానిపించాను. పానీపూరీ బండి ఉన్న సందులోంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి తీసుకొచ్చేదాన్ని. నీళ్ల ప్లాంటు మార్చాను. మూడు నెలల్లో మూడు ప్లాంట్లు. ఆటో అతనితో రోడ్డు మీద నిలబడి గొడవ పెట్టుకున్నాను. "మేడం, ఊరంతా గివ్వే నీళ్లు తాగుతుండ్రు, ఎవ్వలికి ఏమైంది?" అని అతను మొత్తుకున్నా వినలేదు. ఆ ఫిల్టర్ నీళ్లనే మళ్లీ కాచి చల్లార్చి పోశాను. అత్తమ్మ తన వైద్యం తాను చేసింది. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది, ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకుంది, పిల్ల మెడలో తాయెత్తు కట్టించింది.

"నువ్వు బడిల పిల్లలకు చెప్పుడు కాదు పిల్లా, నీ పోరి పెయ్యి జర చూస్కో. బొక్కలు ఎల్లినయ్," అనేది అత్తమ్మ, బయటికి పొడుచుకొచ్చిన పిల్ల ఎముకలు చూపిస్తూ. తప్పుగా ఏం అనలేదు. కానీ పొద్దంతా నలభై మంది పిల్లలతో అరిచి, బస్సులో నిలబడి వచ్చి, గిన్నెలు తోముతున్నప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండేది. మండినా ఏమీ అనేదాన్ని కాదు. పోట్లాడాలన్నా బలం కావాలి కదా.

ఆ ఆషాఢంలో మా స్కూలుకు నీళ్లు పరీక్ష చేయడానికి ఒక మహిళా సంఘం ఆమె వచ్చింది. ఆమె సంచిలో చిన్న చిన్న సీసాలున్నాయి. గీత వరకు నీళ్లు నింపి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు పక్కన పెట్టాలి. నీళ్లలో మురికి కలిసి ఉంటే సీసా నల్లబడుతుంది. అంతే, చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పొచ్చు. నేను ఆమెను బతిమాలి రెండు సీసాలు తెచ్చుకున్నాను. నా ఉద్దేశం ఒక్కటే, ఆ ఫిల్టర్ ప్లాంటు వాడి సంగతి తేల్చడం. ఒక సీసాలో క్యాను నీళ్లు పట్టాను. రెండోది ఊరికే పాడవుతుంది కదా అని బోరు నీళ్లు పట్టి, రెంటినీ వంటింటి అలమారలో పసుపు డబ్బా వెనక పెట్టాను.

మూడో రోజు పొద్దున ఉప్మాకు పసుపు తీస్తుంటే కనిపించాయి. క్యాను నీళ్ల సీసా ఎలా పెట్టానో అలాగే ఉంది. బోరు నీళ్ల సీసా బొగ్గులా నల్లగా ఉంది.

అక్కడే స్టూలు మీద కూర్చుని ఇల్లంతా ఒకసారి కలయజూశాను. పిల్ల పళ్లు తోముకునేది బోరు నీళ్లతో. పుక్కిలించి సగం మింగుతుంది, అందరు పిల్లల్లాగే. కొత్తిమీర కడిగేది బోరు నీళ్లతో. కంచాలు కడిగేది ఆ నీళ్లతో. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఫిల్టర్ నీళ్లు ఒంపే ముందు కుండను రోజూ శుభ్రంగా బోరు నీళ్లతో కడిగేదాన్ని. కడిగి, ఆ తడి ఆరకుండానే క్యాను ఒంపేదాన్ని. కాచిన నీళ్లు కూడా ఆ కుండలోనే. ఎంత శ్రద్ధగా చేశానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం బోరు దగ్గర నిలబడి చూశాను. మా ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన దుబాయి నుంచి వీడియో కాల్‌లో ఉండి, సిద్ధాంతి చేత ముగ్గు పోయించి, ఒక్క అడుగు అటూ ఇటూ కానివ్వలేదు. ఉత్తరం ముఖం ఇల్లు. ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు. మా వరుసలో ఇళ్లన్నీ అంతే. ఇంట్లోంచి వీధి వైపు తిరిగి నిలబడితే కుడిచేతి మూలన బోరు, ఎడమచేతి మూలన ట్యాంకు. అందరివీ చిన్న ప్లాట్లు, మధ్యలో ఒకటే గోడ. నా కుడిచేతి మూల పక్కింటి ఎడమచేతి మూలకు ఆనుకునే ఉంటుంది కదా. గోడకు ఇవతల నా బోరు, అవతల మూడడుగుల దూరంలో తూర్పింటి వదిన వాళ్ల ట్యాంకు. ట్యాంకు అనడమే గానీ, సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దించి పైన బండ వేసిన గొయ్యి అది. అడుగున ఉత్త మట్టి. నిండకుండా ఏళ్ల తరబడి నడుస్తోందని అందరం సంబరపడే గొయ్యి. నిండనిదంతా ఎటు పోతోందని ఒక్కరం కూడా అడగలేదు. మరుగుదొడ్డి గుంతకూ బావికీ దూరం ఉండాలని ప్రతి ఏడూ పాఠం చెబుతాను నేను. బోర్డు మీద బొమ్మ కూడా వేస్తాను.

ఆ నల్ల సీసా పట్టుకుని వదిన ఇంటికి పోయాను. వరసకు వదిన అని పిలుస్తాను గానీ చుట్టరికం ఏమీ లేదు. మంచిదే, నోరు మాత్రం పెద్దది. ఆరోజు నా నోరు ఇంకా పెద్దదైంది. పిల్ల చేతి మీద సూది మచ్చల దగ్గర మొదలుపెట్టి, ట్యాంకు రేపటికల్లా తీసేయాలనే దాకా వెళ్లాను. ఏమన్నానో అన్నీ గుర్తు లేవు. "మీ పెంట మా పిల్ల తాగాల్నా?" అన్నది మాత్రం గుర్తుంది.

వదిన బియ్యం చెరుగుతూనే అంతా విన్నది. చేట కింద పెట్టి, లేచి నిలబడి మాట్లాడింది.

"సిద్ధాంతి చెప్పిన జాగలనే కట్టినం. నీ లెక్కనే. నా బోరు పక్కపొంటి గా అవతలి ఇంటోళ్ల ట్యాంకు లేదా? నేను గివే నీళ్లు తాగుతలేనా? సరే, నా ట్యాంకుది నేను చూస్కుంట. నీ ట్యాంకు ఎవ్వల బోరు పక్కకున్నదో నువ్వు చూస్కున్నవా?"

ఇంటికి వచ్చి మా ట్యాంకు ఉన్న పడమటి గోడ దగ్గర నిలబడ్డాను. గోడకు అవతల చెల్లె వాళ్ల బోరు. చెల్లె అంటే కూడా వరసే. పాతికేళ్లుంటాయి. మొగుడు పవర్‌లూమ్ మీద కూలికి నేస్తాడు. రెండు గదుల రేకుల ఇల్లు. ఇల్లు చిన్నదైనా వాస్తు మాత్రం తప్పలేదు, ఈశాన్యంలోనే బోరు. క్యాన్లు కొనే ఇల్లు కాదది. తాగేదీ వండేదీ ఆ బోరు నీళ్లే. మా బిడ్డను ఆసుపత్రిలో ఉంచిన రెండుసార్లూ అత్తమ్మకు అన్నం పెట్టింది ఈ పిల్లే. నేను గోడ దగ్గర నిలబడిన ఆ రోజుకు ఆమెకు నాలుగో నెల కడుపు. గోడ మీదుగా నన్ను చూసి నవ్వి, "ఏందక్కా గట్ల నిలవడ్డవ్?" అంది.

"ఏం లేదు చెల్లె," అన్నాను.

ఆ రాత్రి మా ఆయనకు ఫోన్లో అంతా చెప్పాను. "మన బోరు బంద్ చెయ్. నల్లా నీళ్లు కాచి వాడుర్రి. ఆల్లకు నువ్వెందుకు చెప్తవ్? చెప్తే రేపు ట్యాంకు తియ్యుమంటరు. ఎటు జరుపుతం? జాగేది? వాయవ్యం ఇడిస్తే ఇల్లు నిలువది. నేనచ్చినంక చూద్దాం," అన్నాడు. ఆయన వచ్చేది వచ్చే ఎండాకాలానికి. నాకు ఆ మాట నచ్చలేదు. కానీ ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట కోసమే ఫోన్ చేశానేమో అని కూడా అనుమానం. రేపు చెబుదాం, ముందు పిల్ల కోలుకోనీ, అనుకున్నాను.

బోరు మోటారు వైరు పీకేశాను. నల్లా వచ్చిన రోజు డ్రమ్ములు నింపి, తాగేవి కాచి, తోమేవి వేరుగా పెట్టి, పని రెండింతలు చేసుకున్నాను. నెల తిరిగినా పిల్లకు విరేచనాలు రాలేదు. రెండో నెలా రాలేదు. పెరుగన్నం రెండోసారి అడిగి వేయించుకుంది. ఒకరోజు స్కూలు డ్రెస్సుకు పిన్నీసు అక్కర్లేదని చూసుకుని బాత్రూంలోకి వెళ్లి కరువుతీరా ఏడ్చాను. వదిన కూడా మాట నిలబెట్టుకుంది. ట్యాంకు ఖాళీ చేయించి అడుగున సిమెంటు పోయించింది.

చెల్లెకు మాత్రం చెప్పలేదు. చెప్పకపోవడానికి రోజూ ఒక కారణం దొరికేది. స్కూల్లో పరీక్షలు, అత్తమ్మకు జ్వరం, నల్లా రాకపోవడం. అన్నిటికంటే పెద్ద కారణం అలసట. చెబితే ట్యాంకు తవ్వాలి, మేస్త్రీని పట్టుకోవాలి, మా ఆయనతో పోట్లాడాలి, ఈ పట్టేసిన నడుముతో ఇవన్నీ ఒక్కదాన్నే చేయాలి. రోజు గడిచి పక్క మీద వాలేటప్పుడు "రేపు" అనుకునేదాన్ని. ఇన్నాళ్లకు కాస్త నిద్ర పట్టే రోజులొచ్చాయి కదా, వాటిని చెడగొట్టుకోవడానికి మనసొప్పలేదు. సద్దుల బతుకమ్మ నాడు వీధిలో అందరం చప్పట్లు కొడుతూ తిరిగాం. చెల్లె నా పక్కనే ఉంది, ఏడో నెల కడుపుతో. ఆయాసపడుతూ మధ్యలో ఆగి, సీసాలోంచి నీళ్లు తాగి, "నువ్వు తాగుతవా అక్కా?" అని నా ముందుకు చాపింది. నేను వద్దన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

దసరా దాటిన వారానికి ఆమెకు కామెర్లు వచ్చాయి. ముందు వాంతులు, కడుపుతో ఉన్నప్పుడు మామూలే అనుకున్నారు. కళ్లు పచ్చబడ్డాక పక్క ఊళ్లో పసరు పోయించారు. మూడు రోజులకు మనిషి మాట తడబడుతుంటే కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కడుపుతో ఉన్న మనిషికి ఇది మంచిది కాదనీ, తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ గండమేననీ డాక్టరమ్మ చెప్పిందని చెల్లె మొగుడు వచ్చి మా అరుగు మీద కూలబడి ఏడ్చాడు. మురికి నీళ్ల వల్ల వచ్చే కామెర్లట. "ఏడ తాగింది మేడం నా పెండ్లాం మురికి నీళ్లు? ఇల్లు ఇడిసి ఏడికి పోలే," అన్నాడు.

నేను లోపలికి పోయి చీర మార్చుకుని బస్సెక్కాను.

మంచం మీద ఆమె పసుపు ముద్దలా ఉంది. చెయ్యి పట్టుకుంటే వేడిగా ఉంది. దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను గానీ, అవేవీ పనికి రాలేదు. "చెల్లె, మీ బోరు నీళ్లు చెడిపోయినయ్. మా ట్యాంకు నుంచి ఊటవడుతున్నది. ఇగ గా నీళ్లు ముట్టకు," అన్నాను ఒక్క ఊపున.

ఆమె కాసేపు పైకప్పు వైపు చూసింది. కోపం తెచ్చుకుంటుందని ఎదురుచూశాను. కోరుకున్నాను కూడా.

"నీకెప్పుడు ఎర్కైందక్కా?" అంది.

"మొన్ననే," అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట. ఆలోచించి చెప్పింది కాదు. నోరు దానంతట అదే అనేసింది.

"గట్లనా. నీకేమెరుక పాపం. చెప్పినవ్ గద, గదే చాలు," అని నా చెయ్యి నొక్కింది చెల్లె. నొక్కే బలం లేని చేత్తో.

వాస్తు గీస్తు అని ఇక ఎవరినీ అడగలేదు. మేస్త్రీని పిలిచి ట్యాంకు ఖాళీ చేయించి, అడుగూ చుట్టూ గట్టిగా సిమెంటు చేయించాను. మా ఆయన పది రోజులు మాట్లాడలేదు. చెల్లె వాళ్ల బోరు మూయించి, ఆమె ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఇంటికి నీళ్లు నేనే కాచి పంపాను. పద్దెనిమిది రోజులున్నది ఆసుపత్రిలో. తొమ్మిదో నెల రాకముందే ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. గాజు పెట్టెలో పెట్టి బతికించారు. తల్లీ బతికింది.

చెల్లెకు తల్లి లేదు, అందుకని పురుడూ అదీ ఇక్కడే చేశారు. పిల్ల ఇంటికి వచ్చాక, ఇరవై ఒకటో రోజు దాటిపోయినా సరే, వేడుక మానలేదు. మా దిక్కు బాలింత ఆరోజు బావి దగ్గరికి పోయి, పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్లు తోడాలి. బావులు పోయాక బోరుకు పెట్టేవాళ్లు. ఇప్పుడు బోరు కూడా మూసేశారు. కాసేపు ఆడవాళ్లంతా తర్జనభర్జన పడి చివరికి నల్లాకే పసుపు రాశారు. అదృష్టం కొద్దీ ఆరోజు నీళ్లు వచ్చాయి.

వీధి ఆడవాళ్లంతా ఉన్నారు. చెల్లె బిందె నింపి పక్కన పెట్టి, పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందరి వైపు తిరిగి చెప్పింది: "అక్క ఎర్కైన ఎంటనే ఆసుపత్రికి ఉరికచ్చి చెప్పింది. ఎవ్వలు చెప్తరు గట్ల, తన తప్పు తనే? అక్క చెప్పకపోతే నేను లేను, గీ పిల్ల లేదు."

ఆడవాళ్లంతా నా వైపు చూసి ఏవో మంచి మాటలన్నారు. అత్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పిల్ల నా వేలు పట్టుకుని పడుకుంది. దాని గోళ్లు బియ్యపు గింజలంత కూడా లేవు.

అప్పుడే తూర్పింటి వదిన కుంకుమ భరిణె పట్టుకుని వరుసగా అందరికీ బొట్టు పెడుతూ వస్తోంది. ఆ మాట ఆమె కూడా విన్నది. నాకు ఆ సంగతి తెలిసింది ఆషాఢంలోనని, చెప్పింది దసరా దాటాకనని ఈ లోకంలో తెలిసిన మనిషి మా ఆయన తర్వాత ఆమె ఒక్కతే. నా ముందుకు వచ్చి ఆగింది. చెప్పెయ్ వదినా, అందరి ముందూ చెప్పెయ్ అనిపించింది, నిజంగానే అనిపించింది. ఆమె వంగి నా నుదుట బొట్టు పెట్టింది. చెవి దగ్గర మెల్లగా అంది:

"నేనేం చెప్ప తియ్. ఫికర్ చెయ్యకు."

నేను తలూపాను.